ప్రాగ్‌కు బయలుదేరి డ్రెస్డెన్‌లోనే ఆగిపోయాం. గ్రూపు విడిపోవడం తప్పేనా?

మిర్యాలగూడ_అమ్మాయి

అందరికీ నమస్తే. నాది మిర్యాలగూడ. ఏడాదిగా జర్మనీలో, లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. పోయిన శని, ఆదివారాలు ఐదుగురం కలిసి ట్రిప్‌కు వెళ్ళాం. అందరం మన వైపు వాళ్ళమే. నేను, కోదాడ అమ్మాయి, వనపర్తి అబ్బాయి, నల్లగొండ వాళ్ళు ఇద్దరు. శనివారం డ్రెస్డెన్, ఆదివారం సరిహద్దు దాటి చెక్ దేశంలోని ప్రాగ్ అని ప్లాన్. ఆదివారం పొద్దున స్టేషన్‌లో జరిగింది వారం నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు లోకల్ రైల్లో గంటన్నర పైన పడుతుంది. జర్మనీలో మొదటి దూరప్రయాణపు రైలు మార్గం ఇదేనట, 1839లో పూర్తయింది. పులిహోర కట్టుకుని, అమ్మ పంపిన సకినాలు డబ్బాలో పోసుకుని ఎక్కాం. దిగిన దగ్గర్నుంచి పరుగే. త్స్వింగర్ ప్యాలెస్, ఒపెరా, ఎల్బె నది ఒడ్డు, ఫ్రావెన్‌కిర్షె చర్చి. పింగాణీ పలకల మీద రాజుల ఊరేగింపు బొమ్మ ఉన్న గోడ ఒకటి ఉంది, వంద మీటర్ల పైన పొడవు, దాదాపు 23 వేల పలకలు. ఆ గోడ ముందు మేము నిలబడింది గ్రూప్ ఫోటోకు పట్టినంత సేపే. రాత్రి సీనియర్ వాళ్ళ రూమ్‌లో నేల మీద పక్కలు వేసుకుని పడుకున్నాం.

ఆదివారం పొద్దున ప్రాగ్ రైలుకు పావుగంట ఉందనగా కోదాడ అమ్మాయి బ్యాగ్ తెరిచి చూస్తే పాస్‌పోర్ట్ లేదు. లైప్‌జిగ్‌లో బీరువాలోనే ఉండిపోయింది. చేతిలో రెసిడెన్స్ కార్డ్ ఒక్కటే ఉంది. ఒకరు "ఏం కాదు, ఎవరూ అడగరు, ఎక్కేద్దాం" అన్నారు. ఇంకొకరు "పట్టుకుంటే అందరం ఇరుక్కుంటాం" అన్నారు. ఆ అమ్మాయి ఏమీ అనలేక బ్యాగ్‌లోని బట్టలన్నీ బెంచీ మీద పరిచి మళ్ళీ మళ్ళీ వెతుకుతోంది. నాకు కోపం కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. రైలు వచ్చింది. ముగ్గురు ఎక్కారు. నేను ఆ అమ్మాయితో ఉండిపోయాను. టికెట్ డబ్బులు వెనక్కి రాలేదు.

ఆ తర్వాత రోజంతా మేమిద్దరం డ్రెస్డెన్‌లోనే ఉన్నాం. నిన్న చూసిన చర్చి దగ్గరికే మళ్ళీ వెళ్ళాం, చేయడానికి వేరే పని లేక. గోడంతా గోధుమరంగు రాయి, మధ్యమధ్యలో నల్లటి రాళ్ళు. శనివారం అదేదో డిజైన్ అనుకున్నాను. అక్కడి బోర్డు నెమ్మదిగా చదివితే తెలిసింది. 1945 ఫిబ్రవరి 13 రాత్రి ఊరి మీద బాంబులు వేశారు. చర్చి రెండు రోజులు మంటల వేడిలో నిలబడి, 15 పొద్దున కూలిపోయింది. దాదాపు యాభై ఏళ్ళు ఆ రాళ్ళ గుట్ట అట్లాగే ఉంది. 1994లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టి 2005లో పూర్తి చేశారు. ఆ నల్లవి పాత చర్చి రాళ్ళు. గుట్టలోంచి ఒక్కొక్కటి తీసి, కొలిచి, ఫోటో తీసి, ఏది ఎక్కడిదో తేల్చుకుని, తేలినవాటిని పాత చోటనే పెట్టారట.

నల్ల రాయి, కొత్త రాయి కలిసే చోట వేలు పెట్టి చూశాను. కొత్త రాయి అంచు కత్తితో కోసినట్టు ఉంది. పాత రాయి అంచు చిట్లి, గుండ్రంగా అరిగి ఉంది. రెండింటి మధ్య సున్నం గీత సన్నగా, దారం అంత. పక్కన చూస్తే కోదాడ అమ్మాయి ఏడుస్తోంది. పాస్‌పోర్ట్ కోసమో రాయి కోసమో నేను అడగలేదు.

సాయంత్రం లైప్‌జిగ్‌లో అందరం కలిశాం కానీ ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. గ్రూపుగా వెళ్ళినప్పుడు ఇట్లా విడిపోవచ్చా? మీరైతే ఏం చేసేవాళ్ళు?

దేవరకొండ_నాన్న

అమ్మా, నువ్వు ఆ పిల్లతో ఉండిపోవడం మంచి పని. మా అబ్బాయి వచ్చే సెప్టెంబర్‌లో జర్మనీ వెళ్తున్నాడు, అందుకే ఈ చర్చ మొత్తం చదువుతున్నాను.

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. మేము రెండెకరాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుంటున్నాం. బ్లాక్డ్ అకౌంట్ అని, అక్కడి ఖర్చులకు డబ్బు ముందే వేసి ఉంచే ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించమన్నారు. వంద రూపాయల చొప్పున లెక్కేసినా పన్నెండు లక్షల దగ్గరికి వస్తుంది. ఇట్లా అప్పు మీద వెళ్ళిన పిల్లలు శని ఆదివారాలు ఊళ్ళు తిరగడం అవసరమా? కుదిరితే ఖర్చు ఎంతయిందో చెప్పు. నిన్ను తప్పు పట్టడానికి కాదు, మా వాడికి ఏం చెప్పాలో తెలియక అడుగుతున్నా.

మిర్యాలగూడ_అమ్మాయి

అంకుల్, తప్పుగా ఎందుకు అనుకుంటాను. మా నాన్న కూడా ఫోన్‌లో ఇదే అడిగారు. డ్రెస్డెన్‌కు రైలు ఖర్చు విడిగా లేదు, నెలవారీ టికెట్‌లోనే వెళ్ళాం. పడుకోవడానికి పైసా పెట్టలేదు. తిండి సగం ఇంటిదే. వృథా అయిన ప్రాగ్ టికెట్, మ్యూజియం, కాఫీ అన్నీ కలిపి నాకు అరవై యూరోల లోపే అయింది. వారానికి రెండు సాయంత్రాలు గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే పని చేస్తాను, అందులోంచి పెట్టుకున్నాను. వచ్చాక ఏడాదిలో ఇది రెండో ట్రిప్.

అవసరమా అంటే, నవంబర్, డిసెంబర్‌లలో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. రూము, క్లాసు, గోడౌన్. ఆ రెండు నెలలు నేను ఎవరితోనూ తెలుగులో పది నిమిషాలు కూడా మాట్లాడని వారాలు ఉన్నాయి. ఈ ఐదుగురం ఒకరికొకరు ఉన్నాం కాబట్టే గట్టెక్కాను. మీ అబ్బాయిని తిరగవద్దని చెప్పకండి అంకుల్. లెక్క రాసుకోమని చెప్పండి.

నారాయణపేట_బెర్లిన్

చెల్లె, నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నవాడిగా చెప్తున్నా. రైలు ఎక్కకపోవడమే కరెక్ట్. మన రెసిడెన్స్ కార్డ్ మీద షెంగెన్ దేశాలకు, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలకు వెళ్ళొచ్చు, 180 రోజుల్లో 90 రోజుల వరకు. కానీ కార్డ్‌తో పాటు పాస్‌పోర్ట్ కూడా దగ్గర ఉండాలి, రెండూ కలిస్తేనే చెల్లుతుంది. బార్డర్‌లో బూత్ ఉండదు కాబట్టి చెకింగ్ ఉండదని మనవాళ్ళు అనుకుంటారు. 2023 అక్టోబర్ నుంచి జర్మనీ చెక్ సరిహద్దులో మళ్ళీ చెకింగ్ పెట్టింది. నేను ప్రాగ్ నుంచి వస్తుంటే పోలీసులు బోగీలోకి వచ్చి ఒక్కొక్కరి పాస్‌పోర్ట్ చూశారు. "ఏం కాదు, ఎక్కేద్దాం" అన్న స్నేహితుడికి ఈ పోస్ట్ చూపించు.

దేవరకొండ అంకుల్ కోసం ఆ టికెట్ సంగతి. డాయిష్‌లాండ్ టికెట్ అని నెలకు ఒకటి ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు ఎక్కొచ్చు, ఫాస్ట్ రైళ్ళు మాత్రం కుదరవు. చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్లకు తక్కువ ధరకే సెమిస్టర్ ఫీజుతో కలిపి ఇస్తారు. చెక్ సరిహద్దు దాటాక మాత్రం వేరే టికెట్ కొనాలి.

విడిపోవడం గురించి: మా గ్యాంగ్‌లో ఒకటే రూల్. ఎవరినీ ఒంటరిగా వదలం, ఇద్దరు ఆగితే మిగతావాళ్ళు వెళ్ళొచ్చు. మీరు చేసింది అదే కదా.

వనపర్తి_కుర్రాడు

నేనే ఆ రైలు ఎక్కిన ముగ్గురిలో ఒకడిని. లింక్ ఈ పోస్ట్ రాసిన అమ్మాయే పంపింది. ఇక్కడ అందరి ముందు చెప్పాలనే అకౌంట్ తెరిచాను.

"ఏం కాదు, ఎక్కేద్దాం" అన్నది నేనే. బుద్ధి తక్కువ మాట. తిరుగు ప్రయాణంలో పోలీసులు వచ్చారు, నా పాస్‌పోర్ట్ తిప్పి తిప్పి చూశారు. ఆ అమ్మాయి పక్కన ఉండి ఉంటే ఏమయ్యేదో ఆ రెండు నిమిషాల్లో అర్థమైంది. క్షమించమని తనకు ఫోన్‌లో చెప్పాను, ఇక్కడ కూడా చెప్తున్నాను.

ప్రాగ్ గురించి రెండు ముక్కలు. దారిలో చాలా దూరం ఎల్బె నది పక్కనే, కిటికీ వదలబుద్ధి కాలేదు. అదే నదిని చెక్ వాళ్ళు లాబె అంటారు. చార్లెస్ బ్రిడ్జికి 1357లో నాలుగో చార్లెస్ పునాది వేయించాడు. 516 మీటర్ల పొడవు, పదహారు కమాన్లు, పైన ముప్పై విగ్రహాలు. ఏడాది 1357, తొమ్మిదో తేదీ, ఏడో నెల, తెల్లవారి 5 గంటల 31 నిమిషాలు, ఇట్లా ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే వచ్చే ముహూర్తం పెట్టాడని అక్కడ కథ చెప్తారు. 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. మన దగ్గర పంచాంగం చూసినట్టే అనిపించి నాకు బాగా నచ్చింది. 1410 నాటి గడియారం కింద వందల మంది మెడలు ఎత్తి నిలబడ్డారు. గంట కొట్టగానే పైన కిటికీల్లో బొమ్మలు తిరుగుతాయి, చూస్తుండగానే అయిపోతుంది.

అంతా బాగుంది. కానీ మేము ముగ్గురం ఫోటోలో నిలబడ్డప్పుడు ఎప్పుడూ ఐదుగురం నిలబడే అలవాటుతో పక్కన చోటు వదిలి నిలబడ్డాం. ఫోటో చూసుకున్నాక తెలిసింది.

ఎవరైనా వెళ్తే: అక్కడ యూరోలు కాదు, కొరునాలు. కార్డ్ వాడండి, వీధిలో డబ్బులు మార్చే కౌంటర్ల జోలికి పోవద్దు. ట్రామ్ టికెట్ కొంటే చాలదు, మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి.

గద్వాల_చేనేత

నల్ల రాళ్ళ మాట చదివి ఆగలేకపోయాను. మా గద్వాల నుంచి అలంపురం దగ్గరే. అక్కడ నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ అందరికీ తెలుసు. ఊళ్ళోనే సంగమేశ్వర ఆలయం ఇంకొకటి ఉంది. చాళుక్యుల నాటిది, చూస్తే మొదటి నుంచి అక్కడే ఉన్నట్టు ఉంటుంది. నిజానికి అది కూడవెల్లిలో, కృష్ణా తుంగభద్ర కలిసే చోట ఉన్న గుడి. శ్రీశైలం ముంపులో పోతుందని రాయి రాయికి నంబర్ వేసి విప్పి, తెచ్చి అలంపురంలో తిరిగి కట్టారు. గోడ మీద జాలీ కిటికీలు, గూళ్ళలో బొమ్మలు అన్నీ ఎక్కడివి అక్కడ ఉన్నాయి. పాపనాశి గుళ్ళు కూడా అట్లాగే ముంపు నుంచి తరలించినవే.

కొందరు దీన్ని, వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడే సప్తనదీ సంగమేశ్వరాన్ని ఒకటే అనుకుంటారు. అది వేరు, కర్నూలు వైపు ఉంటుంది, వేప మొద్దు లింగం ఉన్న గుడి. దాన్ని కదిలించలేదు, నీళ్ళలోనే ఉంది.

కొల్లాపూర్_కృష్ణ_ఒడ్డు

నాకు అరవై రెండేళ్ళు. మా అమ్మాయి చూపిస్తే చదివాను, ఫోన్‌లో నేను చెప్తుంటే తనే టైప్ చేస్తోంది.

మాది ముంపు ఊరు. 1981లో ఖాళీ చేయించారు. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు పోయినయి శ్రీశైలం నీళ్ళకింద. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. గుడి రాళ్ళకు తెల్లరంగుతో నంబర్లు వేస్తుంటే నిలబడి చూసిన. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని అట్లనే తెచ్చి పైన కట్టిండ్రు. పనివాళ్ళు ఒక రాయి దించాలంటే గడ్డి పరిచి, గోనెపట్టాలు వేసి, పసిపిల్లను దించినట్టు దించేవాళ్ళు.

మా ఇంటి దర్వాజా మా నాన్న విప్పి బండి మీద వేసుకుని వచ్చిండు. టేకు దర్వాజా, పైన రెండు చిలుకలు చెక్కి ఉంటయి. ఇప్పుడు ఈ ఇంటికి అదే దర్వాజా. గోడలు ఇటుకవి, స్లాబ్ ఇల్లు, దర్వాజా మాత్రం ఆ ఊరిది. వచ్చినవాళ్ళు ఈ ఇంటికి ఇది అతకలేదు, మార్చరాదా అంటరు. మార్చను.

బిడ్డా, నువ్వు పెట్టిన రాయి మాట, కొత్త రాయి పాత రాయి కలిసిన చోట వేలు పెట్టి చూసిన అన్నవు చూడు, అది చదివి లేచి వెళ్ళి మా దర్వాజా పట్టుకున్న. ఆ పిల్ల ఎందుకు ఏడ్చిందో నువ్వు అడగకపోవడమే మంచిదైంది.

ఒకటి అడుగుతా. ఆ చర్చి రాళ్ళ మీద నంబర్లు కనిపిస్తయా? కనిపిస్తే ఒక ఫోటో పెట్టు.

నల్లగొండ_చరిత్ర_సారు

ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొల్లాపూర్ అన్నగారి మాట తర్వాత పాఠంలా రాయాలనిపించడం లేదు, కానీ అమ్మాయి మ్యూజియం చూశానంది కాబట్టి అడుగుతున్నాను. అక్కడి రాజుల నిధి ఉంచిన గ్రీన్ వాల్ట్ చూశారా? పచ్చ వజ్రం చూశారా?

డ్రెస్డెన్ గ్రీన్ అంటారు, 41 క్యారెట్లు. వజ్రానికి ఆ రంగు నేలలో సహజంగా ఉండే రేడియేషన్ వల్ల వస్తుంది, అంత పెద్ద పచ్చ వజ్రం చాలా అరుదు. సాక్సనీ పాలకుడు, పోలండ్ రాజు మూడో ఆగస్టస్ దాన్ని 1742లో ఒక డచ్చి వర్తకుడి దగ్గర కొన్నాడు. ఎక్కడ కొన్నాడనుకున్నారు? నువ్వు ఉంటున్న లైప్‌జిగ్ సంతలో. అది పుట్టింది మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో అని చెబుతారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ గనిలో అరవై వేల మంది పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. పిల్లలు కూడా మట్టి మోసేవారట.

అదే భవనంలో ఔరంగజేబు పుట్టినరోజు దర్బారును బంగారంతో, రత్నాలతో బొమ్మల కొలువులా చేసి పెట్టారు. 1701 నుంచి 1708 దాకా డింగ్లింగర్ అనే కంసాలి చేశాడు. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నది 1687లో. అంటే ఆ కొలువు పూర్తయ్యే నాటికి గోల్కొండ పడిపోయి ఇరవై ఒక్క ఏళ్ళు. బడిలో ఈ సంవత్సరాలు పిల్లలతో ఎన్నిసార్లు బట్టీ పట్టించానో! ఇవన్నీ ఒకే భవనంలో కనిపిస్తాయని చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది.

ఇంకొకటి. ఆ చర్చి తిరిగి కట్టడానికి ఎక్కువ డబ్బు చందాలే. గుంటర్ బ్లోబెల్ అనే శాస్త్రవేత్త 1999లో వైద్యంలో వచ్చిన నోబెల్ డబ్బులో చాలా భాగం డ్రెస్డెన్‌కు ఇచ్చేశాడు. చిన్నప్పుడు యుద్ధంలో ఇల్లు విడిచి పారిపోతూ, ఊరు కాలడానికి కొద్ది రోజుల ముందు ఆ చర్చిని చూశాడట. గోపురం మీది కొత్త బంగారు శిలువ చేసిన లండన్ కంసాలి, ఆ బాంబుదాడిలో విమానం నడిపిన పైలట్ కొడుకు.

మిర్యాలగూడ_అమ్మాయి

సార్, పచ్చ వజ్రం చూశాం! చీకటి గదిలో అద్దం వెనక ఒక్కటే దీపం కింద ఉంది. లేత పచ్చ, చెరుకు రసంలో కొంచెం ఎండ పడితే ఉండే రంగు. చుట్టూ తెల్ల వజ్రాలు. బోర్డు మీద ఇండియా అని చూసి ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. కానీ కొల్లూరు అని, లైప్‌జిగ్ సంతలో కొన్నారని తెలియదు. నేను రోజూ ఆ సంత వీధి మీదుగానే క్లాసుకు వెళ్తాను సార్.

చర్చి లోపల పాత శిలువ కూడా ఉంది. 1993లో రాళ్ళ గుట్టలో దొరికిందట. వేడికి వంగి, నలిగి, కాల్చి పిండిన కాగితంలా ఉంది. దాన్ని సరి చేయకుండా అట్లాగే నిలబెట్టారు.

హుజూర్‌నగర్_మట్టపల్లి_రోడ్

సారు చెప్పిన కొల్లూరు మా వైపు నుంచి కృష్ణకు అవతలి ఒడ్డు. ఇప్పుడు వెళ్ళి చూద్దామంటే లేదు. పులిచింతల నీళ్ళలో మునిగింది. 45 టీఎంసీల పైన పట్టే ప్రాజెక్టు, 2013 డిసెంబర్‌లో ప్రారంభించారు. మేళ్ళచెరువు వైపు మా మేనత్త వాళ్ళ ఊరు కూడా అందులోనే పోయింది. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. అత్త ఇప్పటికీ పాత ఊరి బోరు నీళ్ళ రుచి గురించే మాట్లాడుతుంది.

వజ్రం పుట్టిన చోటు నీళ్ళ కింద, వజ్రం డ్రెస్డెన్‌లో అద్దం కింద. రాత్రి అత్తకు ఈ సంగతి చెప్పాను. "మన నేలదా అది?" అని మూడు సార్లు అడిగింది.

దేవరకొండ_నాన్న

అందరివీ చదివాను. పొద్దున మా వాడిని కూర్చోబెట్టి ఈ చర్చ చదివించాను. అమ్మా, అవసరమా అని అడిగాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోను. అప్పు అప్పే. కానీ నెలకు కొంత పక్కన పెట్టుకుని రెండు మూడు నెలలకు ఒక ఊరు చూసి రమ్మని చెప్పాను. వెళ్ళిన ప్రతిసారీ లెక్కతో పాటు ఏం చూశాడో నాకు ఫోన్‌లో చెప్పాలన్నాను. వెళ్ళేలోపు వాడిని నాగార్జునకొండకు తీసుకెళ్తున్నాను. లాంచీ టికెట్ ఎప్పుడూ కొననే లేదు మేము. ఇంత దగ్గరలో ఉండి.

కోదాడ_లైప్‌జిగ్

పాస్‌పోర్ట్ మరిచిపోయింది నేనే. ఇన్ని మాటలు చదివాక నేనూ రాయకపోతే బాగుండదు.

వనపర్తి తమ్ముడూ, ఆ విషయం అయిపోయింది, ఇక దాని గురించి బాధపడకు. నల్లగొండ వాళ్ళు కూడా నిన్న రూమ్‌కు వచ్చారు, ఉప్మా తిన్నాం, ప్రాగ్ ఫోటోలు చూపించారు. పక్కన చోటు వదిలిన ఫోటో కూడా చూశాను.

మిర్యాలగూడ, ఆ రోజు ఎందుకు ఏడ్చావని నువ్వు అడగలేదు. మా తాతది కూడా ముంపు ఊరే, నాగార్జునసాగర్‌లో పోయింది. చిన్నప్పుడు సాగర్ చూడ్డానికి వెళ్తే అందరూ గేట్లు చూస్తుంటే తాత మాత్రం నీళ్ళ వైపు తిరిగి వేలుతో ఏదో ఒక చోటు చూపిస్తూ ఉండేవాడు. నాకు అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కాదు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు.

కొల్లాపూర్ పెద్దనాన్నా, వచ్చే ఆదివారం మేమిద్దరం మళ్ళీ డ్రెస్డెన్ వెళ్తున్నాం. నల్ల రాళ్ళ మీద నంబర్లు ఉన్నాయో లేవో చుట్టూ తిరిగి చూస్తాం, ఉంటే దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడే పెడతాను. మీరు కూడా ఆ చిలుకల దర్వాజా ఫోటో పెట్టండి.

కొల్లాపూర్_కృష్ణ_ఒడ్డు

పెడతా బిడ్డా. మా అమ్మాయి కాలేజీ నుంచి రానీ, పసుపు కుంకుమ పెట్టినంక తీస్తం.